మెయిల్స్ వస్తున్నాయి కానీ పోవట్లేదా? పంపే సర్వర్‌కి కూడా పాస్‌వర్డ్ ఇవ్వాలి

ఇన్‌బాక్స్‌లోకి మెయిల్స్ బాగానే వచ్చి పడుతుంటాయి. మీరు రిప్లై రాసి సెండ్ నొక్కితే మాత్రం అది అవుట్‌బాక్స్‌లో కూర్చుని కదలదు, లేదంటే కాసేపయ్యాక ఏదో ఎర్రర్ మెసేజ్ మొహాన పడుతుంది. అప్పుడు ఎవరైనా మొదట చేసేది పాస్‌వర్డ్ మళ్లీ కొట్టడం, అదీ పని చెయ్యకపోతే విసుగొచ్చి అకౌంట్ మొత్తం తీసేసి కొత్తగా పెట్టుకోవడం. ఆ రెండో పని మాత్రం తొందరపడి చెయ్యకండి. పాప్ పద్ధతిలో (మెయిల్స్‌ని సర్వర్ నుంచి మెషీన్‌లోకి దించుకునే పాత పద్ధతి) పెట్టుకున్న అకౌంట్ అయితే పాత మెయిల్స్ ఆ మెషీన్‌లో మాత్రమే ఉండి ఉండొచ్చు, అకౌంట్‌తో పాటు అవీ పోవచ్చు. ఒక్క టిక్ మార్కుతో అయిపోయే పనికి అంత మూల్యం అనవసరం.

ఆ టిక్ మార్కు ఎక్కడుంటుందో, పెట్టాక కూడా పోకపోతే ఏం చూడాలో చెప్తాను. కాకపోతే ముందు ఒక్క విషయం బుర్రకెక్కాలి, అది ఎక్కితే మిగతాదంతా సులువు.

మెయిల్ తెచ్చే సర్వర్ వేరు, పంపే సర్వర్ వేరు

మీ మెయిల్ యాప్‌కి అకౌంట్ ఒకటిగానే కనబడుతుంది కానీ లోపల రెండు వేర్వేరు కనెక్షన్లు నడుస్తుంటాయి. మెయిల్స్ తెచ్చుకోవడానికి ఐమ్యాప్ లేదా పాప్, పంపడానికి ఎస్‌ఎమ్‌టీపీ. వీటికి సర్వర్ పేరు వేరుగా ఉండొచ్చు, పోర్ట్ నంబర్ (సర్వర్‌లో ఏ తలుపు తట్టాలో చెప్పే నంబర్) వేరు, లాగిన్ వేరు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చాలాచోట్ల రెండింటికీ ఒకటే అయినా, యాప్ వాటిని రెండుసార్లు, రెండు చోట్ల చెప్పాలి. ఒకచోట చెప్పి రెండోచోట చెప్పకపోతే మెయిల్స్ వస్తాయి, పోవు. కాబట్టి "పాస్‌వర్డ్ కరెక్టే, మెయిల్స్ వస్తున్నాయిగా" అనే వాదన ఇక్కడ చెల్లదు.

మెయిల్ తెచ్చుకోవడానికి మొదట్నుంచీ పాస్‌వర్డ్ ఉంది, ఎందుకంటే మీ ఉత్తరాలు ఇంకొకళ్లు చదవకూడదు. పంపడానికి మాత్రం లేదు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఎస్‌ఎమ్‌టీపీ నియమాలు రాసినప్పుడు నెట్‌లో ఎక్కువగా ఉన్నవి యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, ఒకరినొకరు నమ్మేవాళ్లు, ఏ సర్వర్ దగ్గరికైనా వెళ్లి "ఇది ఫలానావాళ్లకి అందించు" అంటే అది నోరెత్తకుండా అందించేది. తర్వాత స్పామ్ పంపేవాళ్లు దిగారు. ఎవరిదో సర్వర్, ఎవరిదో ఖర్చు, లక్షల మెయిల్స్ వీళ్లవి. అలా తలుపు తీసి పెట్టుకున్న సర్వర్లని ఓపెన్ రిలే అంటారు, ఇవాళ ఎవరైనా పొరపాటున ఒకటి అలా వదిలేస్తే దాని ఐపీ అడ్రస్ (నెట్‌లో దాన్ని గుర్తించే నంబర్) బ్లాక్‌లిస్ట్‌లోకి ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు. 1999 మార్చిలో ఎస్‌ఎమ్‌టీపీకి లాగిన్ పద్ధతి అధికారికంగా వచ్చింది. ఆథెంటికేషన్ అంటున్నది దీన్నే.

మధ్యలో ఒక తమాషా పద్ధతి కూడా నడిచింది. ముందు మెయిల్స్ చెక్ చేసుకుంటే, అంటే పాప్‌లో లాగిన్ అయితే, సర్వర్ మీ ఐపీ అడ్రస్‌ని కాసేపు గుర్తుపెట్టుకుని ఆ కొద్ది నిమిషాలు పంపనిచ్చేది. పాత అవుట్‌లుక్‌లో "లాగ్ ఆన్ టు ఇన్‌కమింగ్ మెయిల్ సర్వర్ బిఫోర్ సెండింగ్ మెయిల్" అనే ఆప్షన్ చూసి అదేంటో అర్థం కాక బుర్ర గోక్కున్నవాళ్లకి, అది ఆ కాలం నాటి మిగులు. దాన్ని ముట్టుకోకండి.

ఇంకో పాత అలవాటు మాత్రం ఇప్పటికీ కొన్నిచోట్ల ఇబ్బంది పెడుతుంది. కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు, కొన్ని ఆఫీసులు తమ నెట్‌వర్క్ లోపలి నుంచి వచ్చిన మెయిల్‌ని లాగిన్ అడక్కుండానే పంపించేస్తాయి. అంటే ఐపీ అడ్రస్ చూసి "మనవాడే" అనుకుంటాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఆథెంటికేషన్ పెట్టలేదన్న సంగతి అప్పుడు బయటపడదు. అదే ల్యాప్‌టాప్ ఇంకోచోటికి తీసుకెళ్లి మొబైల్ హాట్‌స్పాట్‌కి కలపగానే మెయిల్స్ ఆగిపోతాయి. "నేనేం మార్చలేదు, నిన్నటిదాకా బాగానే పోయింది" అని జనం అనేది ఇక్కడే. నిజంగానే వాళ్లేం మార్చలేదు, మారింది నెట్‌వర్క్.

ఎర్రర్‌లో నంబర్ చూడండి, ముందు అదే

సెట్టింగ్స్ గెలకడానికి ముందు ఎర్రర్ మెసేజ్‌ని పూర్తిగా చదవండి, వీలైతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అందులో మూడంకెల నంబర్ ఒకటి ఉంటుంది, దాని పక్కన చుక్కలతో ఇంకో నంబర్ కూడా ఉండొచ్చు. మొదటి అంకె 4 అయితే తాత్కాలికం, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు. 5 అయితే ఎన్నిసార్లు నొక్కినా అదే జవాబు, మీరే ఏదో మార్చాలి.

530 వచ్చి పక్కన ఆథెంటికేషన్ రిక్వైర్డ్ అని ఉంటే, మీ యాప్ అసలు లాగిన్ అవ్వడానికి ప్రయత్నమే చెయ్యలేదని అర్థం. పాస్‌వర్డ్ తప్పు అని కాదు, ఇవ్వనే లేదు. కానీ ఇదే 530 పక్కన "మస్ట్ ఇష్యూ ఎ స్టార్ట్‌టీఎల్‌ఎస్ కమాండ్ ఫస్ట్" అని ఉంటే కథ వేరు, ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవకుండా దాచి పంపడం) ఆన్ చెయ్యకుండా వచ్చారని చెప్తోంది. అందుకే నంబర్‌తో ఆగకుండా పక్కన మాట కూడా చదవాలి.

535 అంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చారు గానీ అవి చెల్లలేదు. 534 జీమెయిల్‌లో వస్తే మామూలు పాస్‌వర్డ్ పని చెయ్యదు, యాప్ పాస్‌వర్డ్ కావాలని అడుగుతోంది, దాని సంగతి కింద చెప్తాను. ఆఫీసు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో 535తో పాటు 5.7.139 కనబడి, ఎస్‌ఎమ్‌టీపీ క్లయింట్ ఆథెంటికేషన్ డిసేబుల్డ్ అని రాసి ఉంటే మీరు చేయగలిగిందేం లేదు, మీ ఐటీ అడ్మిన్ దాన్ని ఆపి పెట్టాడు, ఆయన్నే అడగాలి.

ఎక్కువమందిని తికమక పెట్టేది 550 గానీ 554 గానీ వచ్చి పక్కన "రిలే యాక్సెస్ డినైడ్", "రిలే నాట్ పర్మిటెడ్" లాంటి మాట ఉన్నప్పుడు. ఐఫోన్‌లో అయితే అవతలివాళ్ల అడ్రస్‌ని సర్వర్ తిరస్కరించింది, రిలేయింగ్ ఒప్పుకోవట్లేదు అని వస్తుంది. ఇది చదివి అవతలి అడ్రస్ తప్పేమో అనుకుని దాన్ని పదిసార్లు సరిచూసుకుంటారు. అడ్రస్ తప్పు కాదండీ. మీరెవరో సర్వర్‌కి తెలియదు, అంతే.

దీనికి ఒక చిటికెలో తేల్చే పరీక్ష ఉంది. మీ మెయిల్ మీ సొంత డొమైన్‌ది (అంటే అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాత మీ సొంత పేరు) అనుకుంటే, అదే డొమైన్‌లో ఉన్న ఇంకొకరికి ఒక మెయిల్ కొట్టండి, జీమెయిల్ లాంటి బయటి అడ్రస్‌కి ఇంకొకటి కొట్టండి. లోపలిది పోయి బయటిది ఆగిందంటే దాదాపు ఖాయం, ఆథెంటికేషన్ ఆన్‌లో లేదు. ఎందుకంటే తన దగ్గరున్న మెయిల్ బాక్స్‌కి వచ్చే ఉత్తరాన్ని సర్వర్ ఎవరి దగ్గర్నుంచైనా తీసుకోవాల్సిందే, లేకపోతే ప్రపంచంలో ఎవరూ మీకు మెయిల్ పంపలేరు. బయటికి మోసుకెళ్లమన్నప్పుడే "నువ్వెవరు" అని అడుగుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

సర్వర్ పేరు, పోర్ట్ నంబర్, ఎన్‌క్రిప్షన్ రకం, యూజర్ నేమ్, పాస్‌వర్డ్. ఇవి మీ మెయిల్ ఇచ్చే కంపెనీ హెల్ప్ పేజీలో గానీ హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో గానీ ఉంటాయి. ఎక్కడో ఎవరో పెట్టిన స్క్రీన్‌షాట్ చూసి కొట్టొద్దు, పాతబడి ఉంటుంది.

యూజర్ నేమ్ దగ్గర చాలామంది సగమే రాస్తారు. ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా పూర్తి మెయిల్ అడ్రస్ కావాలి, ఎట్ గుర్తు, దాని తర్వాత డొమైన్‌తో సహా. ఎట్‌కి ముందున్న ముక్క మాత్రమే రాస్తే 535 వస్తుంది, మీరు పాస్‌వర్డ్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

పోర్టుల దగ్గర కాస్త నిదానంగా చూడండి, సగం తలనొప్పి ఇక్కడిదే. 25, 465, 587 అని మూడు కనబడతాయి. 25 అనేది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్ట్, మీ ల్యాప్‌టాప్‌కి, ఫోన్‌కి దానితో పని లేదు. చాలా ఇంటర్నెట్ కంపెనీలు వైరస్ పట్టిన కంప్యూటర్ల నుంచి స్పామ్ పోకుండా దాన్ని మూసేస్తాయి కూడా, అందుకే 25 పెట్టుకుంటే ఎర్రర్ కూడా రాదు, గుండ్రంగా తిరుగుతూ టైమ్ అవుట్ అవుతుంది. మీలాంటి మామూలు వాడకందారులు మెయిల్ అప్పగించడానికని 1998లో కేటాయించింది 587. ఇక 465ది విచిత్రమైన చరిత్ర, 1997లో ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు, జనం మాత్రం వాడటం మానలేదు, చివరికి 2018లో వచ్చిన కొత్త నియమాల్లో దాన్నే మళ్లీ సిఫారసు చేశారు.

ఎన్‌క్రిప్షన్ రకం 587కి స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465కి ఎస్‌ఎస్‌ఎల్ లేదా టీఎల్‌ఎస్. ఈ జతలు తారుమారు కాకూడదు. 587లో కనెక్షన్ మామూలుగా మొదలై మధ్యలో ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది, 465లో మొదటి అక్షరం నుంచే ఎన్‌క్రిప్షన్. 465 పెట్టి స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకుంటే అటు సర్వర్ ఎదురుచూస్తూ, ఇటు యాప్ ఎదురుచూస్తూ "ముందు మీరు, కాదు ముందు మీరు" అన్నట్టు కూర్చుంటాయి. 587 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకుంటే "రాంగ్ వెర్షన్ నంబర్" లాంటి అర్థం లేని ఎర్రర్ వస్తుంది. మీ సర్వర్ రెండూ ఇస్తుంటే నేనైతే 465 పెట్టుకోమంటాను, చెడిపోవడానికి అవకాశం తక్కువ. ఎన్‌క్రిప్షన్ దగ్గర నన్ అనే ఆప్షన్ ఉంటుంది, టెస్టింగ్ కోసం కూడా అది పెట్టొద్దు.

టిక్ మార్కు ఎక్కడుంది

విండోస్‌లో పాత అవుట్‌లుక్ వాడేవాళ్లు ఫైల్ మెనూలో అకౌంట్ సెట్టింగ్స్‌కి వెళ్లి, మీ అకౌంట్ మీద డబుల్ క్లిక్ చేసి, మోర్ సెట్టింగ్స్ నొక్కితే ఒక చిన్న విండో తెరుచుకుంటుంది. అందులో అవుట్‌గోయింగ్ సర్వర్ అనే ట్యాబ్. మొదటి లైనే "మై అవుట్‌గోయింగ్ సర్వర్ రిక్వైర్స్ ఆథెంటికేషన్". టిక్ పెట్టండి. కింద "యూజ్ సేమ్ సెట్టింగ్స్ యాజ్ మై ఇన్‌కమింగ్ మెయిల్ సర్వర్" దానంతటదే ఎంపికవుతుంది, ఎక్కువమందికి అదే సరిపోతుంది. పంపడానికి వేరే కంపెనీ సర్వర్ వాడుతుంటే మాత్రం లాగ్ ఆన్ యూజింగ్ ఎంచుకుని ఆ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. పక్కనున్న అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పోర్ట్, ఎన్‌క్రిప్షన్ ఉంటాయి, అవి కూడా అప్పుడే సరిచెయ్యండి. కొన్ని వెర్షన్లలో మోర్ సెట్టింగ్స్ బటన్ ఎంత వెతికినా కనబడదు, అప్పుడు విండోస్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి అందులో మెయిల్ అనే ఐకాన్ ద్వారా వెళ్తే పాత విండో దొరుకుతుంది.

థండర్‌బర్డ్‌లో ఇది అకౌంట్ కింద ఉండదు, అందుకే దొరక్క తిప్పలు పడతారు. అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి ఎడమవైపు జాబితాలో అన్నిటికంటే కిందకి వెళ్లండి, అవుట్‌గోయింగ్ సర్వర్ అని వేరుగా ఉంటుంది. మీ సర్వర్‌ని ఎంచుకుని ఎడిట్ నొక్కితే ఆథెంటికేషన్ మెథడ్ అనే చోట నో ఆథెంటికేషన్ అని ఉంటుంది, దాన్ని నార్మల్ పాస్‌వర్డ్‌కి మార్చండి. "నార్మల్" అన్న మాట చూసి భయపడి ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్ పెట్టేవాళ్లున్నారు, అది వేరే పాత పద్ధతి, చాలా సర్వర్లు ఒప్పుకోవు. పైన కనెక్షన్ సెక్యూరిటీ ఆన్‌లో ఉంటే మొత్తం కనెక్షనే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి నార్మల్ పాస్‌వర్డ్‌తో ప్రమాదమేం లేదు. జీమెయిల్, మైక్రోసాఫ్ట్ అకౌంట్లకైతే అక్కడే ఓఆథ్2 (యాప్‌కి పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఆ కంపెనీ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతి) అని ఉంటుంది, అది పెట్టండి.

ఐఫోన్‌లో ఒక మోసం ఉంది, నేనైతే మోసమనే అంటాను. కొత్త అకౌంట్ పెట్టేటప్పుడు ఇన్‌కమింగ్ సర్వర్ కింద యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. అవుట్‌గోయింగ్ సర్వర్ కింద కూడా అవే రెండు గడులుంటాయి కానీ వాటిలో లేత రంగులో ఆప్షనల్ అని రాసి ఉంటుంది. ఆప్షనల్ అన్నాడు కదా అని అందరూ ఖాళీగా వదిలేస్తారు. అవి నింపాల్సిందే. ఇప్పటికే వదిలేసి ఉంటే, సెట్టింగ్స్‌లో మెయిల్ తెరిచి, అకౌంట్స్‌లోకి వెళ్లి, మీ అకౌంట్ మీద నొక్కి, లోపల ఎస్‌ఎమ్‌టీపీ అన్నచోట ప్రైమరీ సర్వర్‌ని తాకితే ఆ గడులు వస్తాయి. కొత్త ఐఓఎస్‌లో మెయిల్ అనేది యాప్స్ అనే విభాగంలోకి మారింది. అక్కడ ఆథెంటికేషన్ దగ్గర పాస్‌వర్డ్ అని ఉందో లేదో కూడా చూసుకోండి.

ఆండ్రాయిడ్‌లో జీమెయిల్ యాప్‌లోకి వేరే కంపెనీ అకౌంట్ పెట్టుకుని ఉంటే, సెట్టింగ్స్‌లో ఆ అకౌంట్ తెరిచి అవుట్‌గోయింగ్ సెట్టింగ్స్‌లో రిక్వైర్ సైన్-ఇన్ అనేది ఆన్ చెయ్యాలి.

టిక్ పెట్టారు, పాస్‌వర్డ్ కరెక్టే, అయినా 535

పెద్ద కంపెనీల మెయిల్ అయితే కారణం వేరే ఉంటుంది. మీరు వెబ్‌సైట్‌లో లాగిన్ అయ్యే పాస్‌వర్డ్‌ని బయటి యాప్‌లకి ఇవ్వడం వాళ్లు ఆపేశారు. గూగుల్ మామూలు అకౌంట్లకి 2022 మే 30న ఆ దారి మూసేసింది. మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్ డాట్ కామ్, హాట్‌మెయిల్ లాంటి వ్యక్తిగత అకౌంట్లకి 2024 సెప్టెంబర్ 16న మూసింది. అంతకుముందు సెట్ చేసుకుని హాయిగా నడుపుకుంటున్న స్కానర్లు, పాత యాప్‌లు ఒక్కరోజులో ఆగిపోయింది అందుకే.

జీమెయిల్‌కి రెండు దారులున్నాయి. మీ యాప్‌కి ఓఆథ్ తెలిస్తే, బ్రౌజర్ విండో తెరుచుకుని గూగుల్ పేజీలోనే లాగిన్ అవ్వమంటుంది, అక్కడ ఒప్పుకుంటే యాప్‌కి పాస్‌వర్డ్‌కి బదులు ఒక టోకెన్ ఇస్తుంది. ఇది మంచి దారి. యాప్‌కి అంత తెలివి లేకపోతే యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. దానికి ముందు మీ గూగుల్ అకౌంట్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఉండాలి, అది లేకపోతే యాప్ పాస్‌వర్డ్స్ అనే పేజీ పని చెయ్యదు. ఆ పేజీలో ఒక పేరు పెట్టి, స్కానర్ అనో ల్యాప్‌టాప్ అనో మీకు గుర్తుండేది, క్రియేట్ నొక్కితే 16 అక్షరాలు నాలుగేసి చొప్పున విడివిడిగా చూపిస్తుంది. ఆ ఖాళీలు చదువుకోవడానికే, కొట్టేటప్పుడు ఖాళీలు లేకుండా కొట్టండి. ఆ విండో మూస్తే మళ్లీ చూపించదు, ఏం పర్లేదు, ఇంకొకటి చేసుకోవచ్చు. ఒక్కో పరికరానికి ఒక్కోటి చేసుకుంటే, రేపు ఆ ఫోన్ పోయిందనుకోండి, దానిదొక్కటే రద్దు చేసి ఊరుకోవచ్చు. మీ అసలు గూగుల్ పాస్‌వర్డ్ మార్చిన రోజు మాత్రం యాప్ పాస్‌వర్డ్స్ అన్నీ పోతాయి, ఇది గుర్తులేక "మళ్లీ ఏమైందిరా దీనికి" అనుకుంటారు.

యాహూకి కూడా యాప్ పాస్‌వర్డే. అవుట్‌లుక్ డాట్ కామ్‌కి మాత్రం ఓఆథ్ తెలిసిన యాప్ ఉండాల్సిందే.

సొంత డొమైన్, మామూలు హోస్టింగ్ అయితే ఈ గొడవ లేదు, మెయిల్ బాక్స్ పాస్‌వర్డే పని చేస్తుంది. అక్కడ 535 వస్తే ముందు అదే పాస్‌వర్డ్‌తో వెబ్‌మెయిల్‌లో లాగిన్ అయి చూడండి. అక్కడ పని చేసి యాప్‌లో చెయ్యకపోతే కాపీ పేస్ట్‌లో చివర ఒక ఖాళీ వచ్చి చేరిందేమో చూడండి, ఇది నాకే ఎన్నోసార్లు జరిగింది. థండర్‌బర్డ్ అయితే సేవ్ చేసిన పాస్‌వర్డ్స్ జాబితాలో ఐమ్యాప్‌కి ఒకటి, ఎస్‌ఎమ్‌టీపీకి ఒకటి విడివిడిగా ఉంటాయి. పాస్‌వర్డ్ మార్చినప్పుడు మొదటిది కొత్తది, రెండోది పాతది అయి కూర్చుంటుంది. ఎస్‌ఎమ్‌టీపీది తీసేస్తే మళ్లీ అడుగుతుంది.

సర్వర్‌కీ యాప్‌కీ మధ్య జరిగే సంభాషణ

ఆసక్తి లేనివాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు, కానీ ఒక్కసారి చూస్తే పైన చెప్పిందంతా కళ్లకి కట్టినట్టు ఉంటుంది. యాప్ 587కి కనెక్ట్ అవ్వగానే సర్వర్ 220 అని పలకరిస్తుంది. యాప్ ఈహెచ్‌ఎల్‌ఓ అని తన పేరు చెప్తుంది, దానికి సర్వర్ తనకి ఏమేం వచ్చో 250 నంబర్‌తో వరసగా లైన్లు చెప్తుంది. ఇక్కడ చూడాల్సింది, ఆ మొదటి జాబితాలో చాలా సర్వర్లు ఆథ్ అనే మాటే చెప్పవు, స్టార్ట్‌టీఎల్‌ఎస్ మాత్రమే చెప్తాయి. యాప్ స్టార్ట్‌టీఎల్‌ఎస్ అంటుంది, ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది, మళ్లీ మొదట్నుంచి ఈహెచ్‌ఎల్‌ఓ. ఈసారి జాబితాలో ఆథ్ ప్లెయిన్ లాగిన్ అనే లైన్ ప్రత్యక్షమవుతుంది. అంటే తలుపు వేశాకే తాళం చెవి అడుగుతుంది. "సర్వర్ ఆథెంటికేషన్ సపోర్ట్ చెయ్యట్లేదు" అని యాప్ ఫిర్యాదు చేస్తే, చాలాసార్లు మీరు ఎన్‌క్రిప్షన్ ఆన్ చెయ్యలేదన్నమాట.

తర్వాత యాప్ ఆథ్ లాగిన్ అంటుంది. సర్వర్ 334 అని, పక్కన పిచ్చి అక్షరాల ముక్క ఒకటి పంపిస్తుంది, అది యూజర్ నేమ్ అన్న మాటని బేస్64లో, అంటే అక్షరాల్ని మార్చి రాసే ఒక పద్ధతిలో, రాసింది. యాప్ కూడా పేరుని బేస్64లో పంపిస్తుంది, మళ్లీ 334, ఈసారి పాస్‌వర్డ్. అన్నీ సరిపోతే 235. ఆ 235 కనబడిందంటే మీ ఆథెంటికేషన్ పని అయిపోయినట్టే, ఇక ఏ ఎర్రర్ వచ్చినా దాని కారణం వేరే.

బేస్64 అనేది ఎన్‌క్రిప్షన్ కాదు. చూడటానికి గజిబిజిగా ఉంటుంది కానీ ఎవరైనా క్షణంలో వెనక్కి తిప్పి చదివేయొచ్చు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, సమస్య వచ్చినప్పుడు డీబగ్ లాగ్ (యాప్, సర్వర్ మాట్లాడుకున్నదంతా రాసి ఉన్న రికార్డు) మొత్తం కాపీ చేసి సాయం కోసం పదిమందిలో పెట్టేవాళ్లుంటారు. అందులో ఆథ్ అని ఉన్న లైన్లో గానీ దాని కింది లైన్లలో గానీ మీ పాస్‌వర్డ్ ఉండొచ్చు. ఆ లైన్లు చెరిపేసి పెట్టండి, ఇప్పటికే పెట్టేసి ఉంటే పాస్‌వర్డ్ మార్చుకోండి.

స్కానర్లు, వెబ్‌సైట్లు

స్కాన్ చేసి నేరుగా మెయిల్ చేసే ప్రింటర్లలో కూడా ఇదే వ్యవహారం. దాని సెట్టింగ్స్‌ని బ్రౌజర్‌లో ప్రింటర్ ఐపీ అడ్రస్ కొట్టి తెరవండి, ఆ చిన్న స్క్రీన్ మీద పాస్‌వర్డ్ కొట్టడం నరకం. ఎస్‌ఎమ్‌టీపీ ఆథెంటికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ ఇవ్వండి. మరీ పాత మెషీన్ అయితే కొత్త టీఎల్‌ఎస్ వెర్షన్లు దానికి తెలియవు, లాగిన్ దాకా కూడా రాకుండానే ఆగిపోతుంది, అప్పుడు ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో చూడాలి.

వర్డ్‌ప్రెస్ సైట్ నుంచి కాంటాక్ట్ ఫారం మెయిల్స్ రావట్లేదంటే, సైట్ ఏ లాగిన్ లేకుండా సర్వర్ సొంత మెయిల్ ఫంక్షన్‌తో పంపుతూ ఉంటుంది. ఒక ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్ పెట్టి అసలైన అకౌంట్‌తో లాగిన్ చేయిస్తే కుదురుకుంటుంది. ఆ ఫారంలో ఫ్రమ్ దగ్గర సైట్‌కి వచ్చినవాళ్ల మెయిల్ అడ్రస్ పెట్టే తప్పు మాత్రం చెయ్యకండి. మీరు ఒక అకౌంట్‌తో లాగిన్ అయి ఇంకొకరి పేరుతో పంపుతుంటే సర్వర్ 553 ఇచ్చి, ఈ అడ్రస్ నీది కాదు అని తిప్పికొట్టొచ్చు. ఫ్రమ్‌లో మీ అడ్రస్, రిప్లై-టులో వాళ్ల అడ్రస్, అంతే.

ఇంకో తికమక, పేరు ఒకటే కావడం వల్ల వచ్చింది. మెయిల్ మీ సర్వర్ దాటి పోయింది, కాసేపటికి జీమెయిల్ నుంచి 550 5.7.26 అని తిరిగొచ్చింది, పంపినవాళ్లు అన్‌ఆథెంటికేటెడ్ అంటోంది. ఇది విని మళ్లీ యాప్‌లో టిక్ మార్కుల దగ్గరికి పరిగెత్తకండి. ఇక్కడ అడుగుతున్నది మీ పాస్‌వర్డ్ కాదు, మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలు ఉండే పట్టికలో) ఉండాల్సిన ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు, అంటే మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించేవి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ విషయంలో గట్టిగా పట్టుబడుతోంది. డొమైన్ ఎవరు చూసుకుంటారో వాళ్లతో చెప్పి పెట్టించండి.

ఆగకుండా ప్రయత్నించొద్దు

నేను ఒకసారి మెయిల్ బాక్స్ పాస్‌వర్డ్ మార్చి, ల్యాప్‌టాప్‌లో కొత్తది కొట్టి, టెస్ట్ మెయిల్ పోయిందని సంతోషించి టీ తాగడానికి లేచాను. తిరిగొచ్చేసరికి ఏదీ పని చెయ్యట్లేదు, మెయిల్స్ రావు, పోవు, కంట్రోల్ ప్యానెల్ కూడా తెరుచుకోదు. సెట్టింగ్స్ అన్నీ మళ్లీ మళ్లీ చూశాను, సర్వరే పడిపోయిందనుకున్నాను, చివరికి ఫోన్‌లో మొబైల్ డేటా మీద తెరిస్తే అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. సంగతేంటంటే, సొరుగులో ఛార్జింగ్‌కి పెట్టి మర్చిపోయిన పాత ఫోన్ ఒకటి, వైఫై మీద, పాత పాస్‌వర్డ్‌తో కొన్ని నిమిషాలకోసారి తలుపు కొడుతూనే ఉంది. తప్పు పాస్‌వర్డ్‌లు ఎక్కువయ్యేసరికి సర్వర్ మా ఐపీ అడ్రస్‌నే బ్లాక్ చేసింది. ఒక ఫోన్ చేసిన పనికి ఆ వైఫై మీద ఉన్నవాళ్లందరూ బయట.

కాబట్టి పాస్‌వర్డ్ మార్చే ముందు ఆ అకౌంట్ ఎక్కడెక్కడ ఉందో గుర్తుచేసుకోండి, అన్నిటినీ ఆపి, మార్చి, ఒక్కోటీ తిరిగి ఆన్ చెయ్యండి. ఇప్పటికే బ్లాక్ అయి ఉంటే సెండ్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కడం వల్ల శిక్ష ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు, కాసేపు వదిలెయ్యండి, లేదా హోస్టింగ్‌వాళ్లకి మీ ఐపీ అడ్రస్ ఇచ్చి తీయించుకోండి.

అన్నీ సరిచేసి చివరి ఓకే నొక్కే ముందు ఒక్కసారి అవుట్‌బాక్స్ తెరిచి చూడండి. మెయిల్ పోవట్లేదని మీరు ఒకే ఉత్తరాన్ని ఐదుసార్లు రాసి ఉంటారు, మధ్యలో చిరాకులో "అందిందా లేదా చెప్పండి" అని ఇంకో రెండు. అవన్నీ అక్కడే వరసలో నిలబడి ఉన్నాయి, ఆథెంటికేషన్ కుదిరిన మరుక్షణం ఏడూ ఒకేసారి బయల్దేరతాయి. ఒకటుంచి మిగతావి తీసేసి, అప్పుడు ఓకే నొక్కండి.